‘స్థిరాస్తులు: నిల్’ – ఒక ఎరువుల దుకాణదారు ఐపీ కేసు

వరంగల్‌కు గంటన్నర దూరంలో ఒక మండల కేంద్రం. అక్కడ పదకొండేళ్ళు ఎరువులు, పురుగుమందుల దుకాణం నడిపిన 47 ఏళ్ళ మనిషి కేసు ఇది. ఊరు, పేర్లు, బ్యాంకు, కంపెనీల ఆనవాళ్ళు తీసేశాం. మొత్తాలు దగ్గరి వేలకు సర్దినవి. తేదీల బదులు చాలాచోట్ల నెలలే ఉంటాయి.

అతను మా హనుమకొండ ఆఫీసుకు వచ్చేసరికే ఐపీ (ఇన్‌సాల్వెన్సీ, అంటే దివాలా) పిటిషన్ టైపు చేసి సిద్ధంగా ఉంది. వేరేచోట రాయించుకొచ్చాడు. అప్పుల పట్టికలో 9 మంది ప్రైవేటు అప్పులవాళ్ళ (అప్పు ఇచ్చినవాళ్ళ) పేర్లు. ఆస్తుల పట్టికలో ఒకటే లైను, ‘స్థిరాస్తులు: నిల్’. “సంతకం పెట్టి ఏసుడే ఉంది సార్. ఐపీ పెడితే ఎవ్వడు ఇంటి మీదికి రాడట గద” అన్నాడు. ఆ కాగితం అట్లాగే కోర్టులో పడి ఉంటే కొన్నాళ్ళకు ఇతనే ముద్దాయి అయ్యేవాడు.

అప్పు పెరిగిన తీరు

ఎరువుల వ్యాపారంలో డిస్ట్రిబ్యూటర్‌కు నెల, నెలన్నరలో కట్టాలి. రైతు జూన్‌లో తీసుకున్న బస్తాకు పత్తి అమ్మినాకనో, ఎనుమాముల మార్కెట్లో మిర్చి అమ్మినాకనో ఇస్తాడు. మధ్యలో ఆరు నుంచి తొమ్మిది నెలల ఖాళీ. ఆ ఖాళీని మొదట బ్యాంకు సీసీ (క్యాష్ క్రెడిట్) లిమిట్‌తో పూడ్చాడు, అది నిండాక నూటికి రెండు, మూడు రూపాయల వడ్డీకి ప్రామిసరీ నోట్లు రాసి తెచ్చిన అప్పులతో. 2021-22లో నల్ల తామరపురుగు మిర్చిని ఊడ్చేసిన ఏడాది ఉద్దర (అరువు) తిరిగి రాలేదు. రైతు దగ్గర లేదు, అడిగితే గొడవ, అడగకపోతే వచ్చే సీజన్‌కు సరుకు లేదు. దుకాణం అప్పటి నుంచే లోపల లోపల మునిగింది. షట్టరు మాత్రం ఇంకో రెండేళ్ళు తెరిచే ఉంది.

ప్రైవేటు నోట్లలో ఒక్కటి చూస్తే మిగతావన్నీ అర్థమవుతాయి. 2019లో 2 లక్షలు, మూడు రూపాయల వడ్డీ. రెండేళ్ళు వడ్డీ కట్టలేదు, అంటే 24 నెలలకు 1,44,000. అసలుతో కలిపి 3,44,000. ప్రామిసరీ నోటుకు 3 ఏళ్ళ గడువు కాబట్టి అది దాటకముందే పాత నోటు చింపేసి 3,50,000కు కొత్త నోటు రాయించుకున్నారు. ఆ మిగతా 6 వేలు ‘లెక్క రౌండు కోసం’. అప్పటిదాకా నెలకు 6,000 పెరిగిన వడ్డీ ఆ రోజు నుంచి 10,500 చొప్పున పెరిగింది. చింపిన నోటు కనీసం ఫొటో కూడా ఎవరి దగ్గరా లేదు.

మొత్తం అప్పు 62 లక్షలు (కింది అంకెలూ లక్షల్లోనే). బ్యాంకు సీసీ 16.2 (ఇల్లు తనఖా, సరుకు కూడా బ్యాంకుదే). ఇద్దరు డిస్ట్రిబ్యూటర్లకు 7.5, 4.0. ప్రైవేటు నోట్ల మీద అడుగుతున్నది 24. పాడి తీసుకున్న చిట్టీలో ఇంకా కట్టాల్సినవి 3.6, దానికి ష్యూరిటీ ఒక ప్రభుత్వ టీచరు. ఫైనాన్స్ కంపెనీ పర్సనల్ లోను, రెండు యాప్‌లు కలిపి 4.3. భార్య పేరున 6 తులాల మీద గోల్డ్ లోను 2.4.

ఆస్తి వైపు 22 లక్షల ఇల్లు, అమ్మితే 6 లక్షల పైచిలుకు వచ్చే 200 గజాల ప్లాటు, కొంత సరుకు, ఉద్దర పుస్తకంలో 14 లక్షలు.

ఆ ప్లాటే పిటిషన్లో లేనిది. నాలుగు నెలల ముందు దాన్ని బావమరిదికి గిఫ్టు రిజిస్ట్రేషన్ చేశాడు. రెండు నెలల ముందు అక్క భర్తకు, అంటే బావకు, 3 లక్షలు తిరిగి కట్టేశాడు. మిగతా ఎవరికీ ఆ నెలలో రూపాయి ఇవ్వలేదు. రెండూ ఎవరో ‘తెలిసినాయన’ చెప్తే చేసినవే. అంతకుముందు ఫోన్లో పరిచయమైన ఒక ‘లోన్ సెటిల్‌మెంట్’ సంస్థకు 35 వేలు ఫీజు కట్టాడు. వాళ్ళు ఈఎంఐలు ఆపమన్నారు, ఆపాడు. ఆ తర్వాత వాళ్ళు ఫోన్ ఎత్తలేదు.

సంచిలో ఏముంది

ప్లాస్టిక్ సంచి నిండా కాగితాలు. అందులో మూడు కవర్లు విప్పనే లేదు. మొదటి పని వాటిని రెండు లెక్కల్లో వేరు చేయడం. ఏ అప్పులవాడి చేతిలో ఏ ఆయుధం ఉంది అన్నది ఒకటి, గడువు ఎన్ని రోజుల్లో ముగుస్తుంది అన్నది రెండు. మొత్తం పెద్దదా చిన్నదా అన్నది ఈ దశలో దాదాపు అనవసరం.

అన్నిటికన్నా ముందు చెక్ బౌన్స్ నోటీసు. పెద్ద డిస్ట్రిబ్యూటర్ సెక్యూరిటీగా పెట్టుకున్న ఖాళీ చెక్కులో 7.5 లక్షలు నింపి బ్యాంకులో వేశారు. నోటీసు అందాక 15 రోజుల్లో కట్టకపోతే, ఆ తర్వాత నెలలోపు నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 138 సెక్షన్ కింద కేసు వేయొచ్చు. ఇతను వచ్చింది 9వ రోజున. రెండోది సర్ఫేసీ (తనఖా ఆస్తిని కోర్టుకు పోకుండానే బ్యాంకు స్వాధీనం చేసుకోగల చట్టం) 13(2) కింద బ్యాంకు నోటీసు. 60 రోజుల్లో 41 అయిపోయాయి. మూడోది ఒక నోటు మీద దావా. అందులోనే ప్లాటును తీర్పుకు ముందే జప్తు చేయమని దరఖాస్తు, దానికి జతగా ఈసీ (ఆస్తి మీది రిజిస్ట్రేషన్లు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) కాపీ. గిఫ్టు సంగతి అప్పులవాళ్ళకు అప్పటికే తెలుసన్నమాట. దాచాననుకున్నది దాచిన మనిషికి తప్ప అందరికీ కనిపిస్తూనే ఉంది. నాలుగోది చిట్టీ వివాదంలో ష్యూరిటీకి వచ్చిన నోటీసు. చిట్‌ఫండ్స్ చట్టం 1982లో 64వ సెక్షన్ కింద ఇవి సివిల్ కోర్టుకు పోవు, చిట్స్ రిజిస్ట్రార్ దగ్గరే తేలాలి.

ఐపీతో ఏమవుతుంది, ఏం కాదు

మన దగ్గర ఐపీ అంటే ప్రొవిన్షియల్ ఇన్‌సాల్వెన్సీ చట్టం, 1920. 2016 దివాలా కోడ్‌లో వ్యక్తుల భాగం కంపెనీలకు పూచీ ఉన్న పర్సనల్ గ్యారంటర్లకు మాత్రమే, అదీ 2019 డిసెంబర్ 1 నుంచి, అమల్లోకి వచ్చింది. యూట్యూబ్‌లో చూసి చాలామంది అడిగే ‘ఫ్రెష్ స్టార్ట్’ (ఏడాది ఆదాయం 60 వేలు, ఆస్తి 20 వేలు, అప్పు 35 వేలు దాటకూడదు, సొంతిల్లు ఉండకూడదు) ఆ కోడ్‌లో ఉంది గానీ, ఈ కేసు నడిచిన కాలమంతా అమల్లోకి రాలేదు. వచ్చినా ఇతనికి పనికిరాదు.

1920 చట్టం గడప చాలా తక్కువ. 500 రూపాయల అప్పు తీర్చలేకపోతే చాలు, పిటిషన్ వేయొచ్చు. కానీ లోపలికి వెళ్ళాక అది అడిగేది ఎక్కువ. ఉన్నదంతా కోర్టు ముందు పెట్టాలి. పేరు పేరునా అప్పులవాళ్ళు, చిరునామాలు, మొత్తాలు రాయాలి. దివాలా ఉత్తర్వు వచ్చాక ఆస్తి, దాన్ని అమ్మి అప్పులవాళ్ళకు పంచే అధికారిక రిసీవర్ చేతికి పోతుంది. అప్పులవాళ్ళు కోర్టు అనుమతి లేకుండా కొత్త దావా వేయలేరు. 31వ సెక్షన్ కింద అరెస్టు నుంచి రక్షణ అడగొచ్చు.

దాని గొడుగు కిందికి రానివి నాలుగు. తనఖా ఉన్న బ్యాంకు, 28(6) ప్రకారం, తన సెక్యూరిటీ మీదికి తాను పోవచ్చు. చెక్ బౌన్స్ కేసు క్రిమినల్ కాబట్టి ఆగదు. ష్యూరిటీకి విముక్తి లేదు. ప్రభుత్వ బాకీలు, మోసంతో తెచ్చిన అప్పులు డిశ్చార్జి (అప్పుల నుంచి కోర్టు ఇచ్చే విడుదల) తర్వాత కూడా ఉంటాయి. ఇతని మీద జీఎస్టీ ఆలస్య రుసుము 38 వేలు ఉంది. దాన్ని మొదట్లోనే తమ్ముడి చేత కట్టించేశాం.

అసలు ప్రమాదం 53, 54 సెక్షన్లు. ఊరికే రాసిచ్చిన ఆస్తి, ఆ తర్వాత రెండేళ్ళలోపు పడిన పిటిషన్ మీద దివాలా ఉత్తర్వు వస్తే, రిసీవర్ ముందు నిలబడదు. ఒక్కరికే మేలు చేయాలని కట్టిన సొమ్ము, కట్టిన మూడు నెలల్లోపు పిటిషన్ పడితే, వెనక్కి లాగొచ్చు. ఆస్తి దాచి ‘నిల్’ అని ప్రమాణం చేస్తే 69వ సెక్షన్ కింద ఏడాది దాకా జైలు. ఆ టైపు చేసిన పిటిషన్ అతని ముందే చింపి, గిఫ్టు వెనక్కి రాకుండా కొత్తది రాయలేమని చెప్పాం.

గిఫ్టును ఇచ్చినవాడు ఒంటరిగా రద్దు చేసుకోలేడు. పుచ్చుకున్నవాడే తిరిగి రాసియ్యాలి. బావమరిది మొదట ఒప్పుకోలేదు. “నా పేరు మీదికొచ్చినంక నేనెందుకియ్యాలె బావా” అన్నాడు. రిసీవర్ పిటిషన్ వేస్తే తానూ కోర్టు చుట్టూ తిరగాలని, చివరికి ప్లాటు ఎట్లాగూ దక్కదని కాగితం మీద లెక్క వేసి చూపించాక మూడు వారాలకు ఒప్పుకున్నాడు. రిజిస్ట్రేషన్ ఖర్చు దండగే. ఆ దండగ ఎంత కలిసొచ్చిందో రెండేళ్ళ తర్వాత తెలిసింది.

పనికిరానివి

ఊళ్ళో పెద్దమనుషులను కూర్చోబెట్టి అందరికీ రూపాయికి 40 పైసలు ఇస్తామని ఒక పంచాయతీ పెట్టారు. కుటుంబం పట్టుబట్టింది, మేమూ వద్దనలేదు. అది పొరపాటు. బ్యాంకు మేనేజరు రాడు, రాలేడు. చెక్కు చేతిలో ఉన్న డిస్ట్రిబ్యూటర్‌కు 40 పైసలతో పని లేదు. వచ్చినవాళ్ళు ప్రైవేటు నోట్లవాళ్ళే. ఒక్కొక్కరికీ పక్కవాడికి లోపాయికారిగా ఎక్కువ ఇస్తున్నారని అనుమానం. నెల తిరక్కుండా ఇంకో ఇద్దరు దావాలు వేశారు. అప్పులు తీర్చలేనని అందరి ముందూ చెప్పించి, ఎవరికీ ఏ కట్టుబాటూ లేకుండా పంపించినట్టయింది.

బ్యాంకుకు మొదట ఇచ్చిన ఓటీఎస్ (ఒకేసారి కట్టి లోను మూసే సెటిల్‌మెంట్) ప్రతిపాదన 12 లక్షలు. వారంలో తిరస్కరించారు. ఓటీఎస్‌లో అప్పుదారు కష్టం కన్నా సెక్యూరిటీ విలువే మాట్లాడుతుంది. 22 లక్షల ఇల్లు చేతిలో ఉండగా 16.2కు 12 ఎందుకు తీసుకుంటారు? ఆ అంకె అసలు పంపకుండా ఉండాల్సింది, మూడు వారాలు పోయాయి.

పనికొచ్చినవి

ఇల్లు: వేలం దాకా పోతే 22 రాదు. వేలంలో కొనేవాడు ఖాళీ చేయించే తలనొప్పిని కూడా ధరలోంచి కోసుకుంటాడు. అందుకని 60 రోజుల్లోపే సర్ఫేసీ 13(3ఎ) కింద బ్యాంకుకు జవాబు పంపి, కొనేవాడిని తామే తెచ్చుకుంటామని, సొమ్ము నేరుగా లోను ఖాతాలో పడుతుందని రాసిచ్చాం. 22 లక్షలకు బేరం కుదిరింది. సరుకు బ్యాంకు అనుమతితో అమ్మగా 1.5, ఇంటి సొమ్ములోంచి 14.1, మొత్తం 15.6కు బ్యాంకు లోను మూసేసింది.

ఇక్కడ క్రమం ముఖ్యం. దివాలా ఉత్తర్వు ఎప్పుడొచ్చినా, అది పిటిషన్ వేసిన రోజు నుంచే వచ్చినట్టు లెక్క. పిటిషన్ పడ్డాక ఇల్లు కొనడానికి బుద్ధున్నవాడెవడూ ముందుకు రాడు. అందుకే బయటివాడికి పూర్తి ధరకు అమ్మకం ముందు, ఐపీ తర్వాత. అట్లాగని ఆలస్యం చేయడానికీ లేదు. పిటిషన్ అడ్మిట్ కాకముందే ఎవరైనా ఈపీలో (డిక్రీ అమలు పిటిషన్‌లో) ఆస్తి అమ్మించుకుంటే ఆ సొమ్ము వాడికే పోతుంది. అప్పటికి మూడు దావాలు నడుస్తున్నాయి, డిక్రీలు ఇంకా రాలేదు. ఆ సందులోనే పని ముగించాలి.

ఇంటి సొమ్ములో మిగిలిన 7.9 లక్షల్లోంచి 40 వేలు అద్దె ఇంటి అడ్వాన్సుకు, సామాన్ల తరలింపుకు రసీదులతో తీసి, 7.5 లక్షలు విడి ఖాతాలో పెట్టించాం. దానికి ఒక్క రూపాయి కూడా కలపకూడదు, తీయకూడదు.

చెక్కు: నోటీసుకు 12వ రోజున జవాబు పంపాం. ‘ఖాళీ చెక్కు, సెక్యూరిటీ కోసం ఇచ్చాం’ అన్న వాదన ఒక్కటే నమ్ముకుంటే మునిగినట్టే. చెక్కు వేసిన రోజుకు బాకీ నిజంగా ఉంటే సెక్యూరిటీ చెక్కైనా కేసు నిలుస్తుంది. పనికొచ్చింది లెడ్జరు. గడువు తీరిన పురుగుమందు డబ్బాలు వెనక్కి పంపినప్పుడు ఇవ్వాల్సిన క్రెడిట్ నోట్లు 1.1 లక్షలకు లెక్కలో ఎక్కలేదు. ట్రాన్స్‌పోర్టు రసీదులు ఇతని దగ్గరే, పాత క్యాలెండరు వెనక క్లిప్పు పెట్టి ఉన్నాయి. అంటే అసలు బాకీ 6.4, చెక్కు మీద 7.5. ఆ తేడా బయటపడ్డాకే కంపెనీ వాళ్ళు మాట్లాడటానికి వచ్చారు. కేసు పడింది, కోర్టు 20 శాతం దాకా మధ్యంతర పరిహారం కట్టమనే అవకాశమూ ఉంది. లోక్ అదాలత్‌లో 5.2 లక్షలకు, 65 వేల చొప్పున 8 వాయిదాలకు రాజీ అయింది.

ఆ 5.2 లక్షలు ఎవరి డబ్బు? ఇతని ఆస్తిలోంచి కడితే మిగతా అప్పులవాళ్ళకు అన్యాయం, మళ్ళీ 54 సెక్షన్ గొడవ. గల్ఫ్‌లో ఉన్న తమ్ముడు తన ఖాతా నుంచి నేరుగా కంపెనీ ఖాతాకు పంపాడు. అన్న ఖాతాలోకి ఒక్క వాయిదా కూడా రానివ్వలేదు. లోక్ అదాలత్ అవార్డుకు అప్పీలు లేదు, వాయిదా తప్పితే సివిల్ డిక్రీలాగా వసూలు చేస్తారు. తమ్ముడికి ఈ సంగతి ముందే చెప్పాం.

భార్య: రెండు నోట్ల మీద ఆమె సంతకం కూడా ఉంది, మొత్తం 5 లక్షలు. భర్త ఐపీ ఆమెను కాపాడదు. డబ్బు డిక్రీ కింద ఆడవాళ్ళను అరెస్టు చేయరాదని సివిల్ ప్రొసీజర్ కోడ్ 56వ సెక్షన్ చెబుతుంది, కానీ ఆస్తి జప్తు మామూలే. ఆమె బంగారం ఆమె స్త్రీధనం, లోను కూడా ఆమె పేరునే. నగలు అమ్మితే 3.9 వచ్చాయి, లోను పోగా 1.5 మిగిలింది. మహిళలకు ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది కాబట్టి, జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో ఆమె పేరున దావాకు ముందు దశలోనే దరఖాస్తు పెట్టి ఆ ఇద్దరినీ పిలిపించాం. 1.5 లక్షలు తీసుకుని ఆమెను వదిలేస్తామని, మిగతా 3.5 భర్త ఐపీలో చూసుకుంటామని ఒప్పుకున్నారు. ఇద్దరు కలిసి రాసిన అప్పులో ఒకరిని వదిలితే రెండోవాడు వదిలిపోడు, కాంట్రాక్టు చట్టం 44వ సెక్షన్. ఒప్పందంలో ఈ మాట స్పష్టంగా రాయించకపోతే తర్వాత రెండువైపులా తగువే.

చిట్టీ: టీచరు జీతం మీదికి రాకుండా ఆపే దారి ఐపీలో లేదు. ఆయనే వాయిదాలు కడుతూ పోతే ఆలస్య వడ్డీ మాఫీ చేస్తామని కంపెనీ ఒప్పుకుంది. కట్టిన 3.6కు ఆయన అప్పులవాడిగా మారి పట్టికలో చేరాడు. స్నేహం మిగల్లేదు.

యాప్‌లు: ఒకదాని శాంక్షన్ లెటర్‌లో రిజర్వ్ బ్యాంకు నమోదు ఉన్న ఫైనాన్స్ కంపెనీ పేరు ఉంది. బంధువులకు ఫోన్లు చేయడం, రాత్రి 7 దాటాక, పొద్దున 8కి ముందు చేయడం నిబంధనలకు విరుద్ధమని కాల్ లిస్టుతో వాళ్ళ ఫిర్యాదుల అధికారికి రాశాం. 30 రోజుల్లో జవాబు లేకపోతే అంబుడ్స్‌మన్‌కు పోవచ్చు, ఇక్కడ అంతదాకా రాలేదు, ఫోన్లు ఆగాయి. రెండోదానికి వెనక ఏ కంపెనీ పేరూ లేదు. సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి, అక్కణ్ణుంచి పోలీసు స్టేషన్‌కు. దాన్ని కూడా అప్పుల పట్టికలో చూపించాం. చట్టవిరుద్ధంగా ఇచ్చాడని పట్టికలోంచి తీసేయడం మన పని కాదు.

పిటిషన్, కోర్టు

నాలుగో నెలలో సీనియర్ సివిల్ జడ్జి కోర్టులో ఐపీ వేశాం. 1920 చట్టం 13వ సెక్షన్ అడిగినవన్నీ ఇచ్చాం. ప్లాటు గిఫ్టు, తిరిగి రాసిన సంగతి తేదీలతో పెట్టాం. బావకు కట్టిన 3 లక్షలూ పెట్టాం. అప్పటికి మూడు నెలలు దాటిపోయాయి, 54 కిందికి రాదు. ‘రాయకపోతే ఏం’ అని ఇంట్లోవాళ్ళు అడిగారు. బ్యాంకు స్టేట్‌మెంట్ మొదటి వాయిదాలోనే బయటికొస్తుంది. మనం చెప్పిన తప్పు చిన్నది, వాళ్ళు పట్టుకున్న తప్పు పెద్దది. బావ మాత్రం ఆ సొమ్ము తిరిగి ఇవ్వలేదు.

ఉద్దర పుస్తకమే ఈ కేసులో ఎక్కువ పని పెట్టింది. 112 ఖాతాలు, 14 లక్షలు. ఒక్కో ఖాతాకు చివరి సరుకు తేదీ, చివరి జమ తేదీ, రైతు సంతకమో వేలిముద్రో ఉందా అని మూడు గడులు గీసి నింపాం. మూడేళ్ళు దాటి, మధ్యలో రాతపూర్వక ఒప్పుకోలు గానీ జమ గానీ లేనివి 5.9 లక్షలు. అవి లేనట్టే. మిగతా 8.1 లోంచి మిర్చి అమ్మే నెలల్లో ఇంటింటికీ తిరిగి 2.6 వసూలు చేసి అదే విడి ఖాతాలో వేశాడు. పుస్తకం ‘పోయింది’ అని చెప్పే దివాలాదారులు చాలామంది. గత మూడేళ్ళ లెక్కలు సరిగా చూపించకపోతే 42వ సెక్షన్ కింద పూర్తి డిశ్చార్జి రాదన్నది వాళ్ళకెవరూ చెప్పరు.

పిటిషన్‌తో పాటే 7.5, 2.6 కలిపి 10.1 లక్షలు కోర్టులో జమకు మెమో వేశాం. ఎగ్గొట్టడానికే ఐపీ పెట్టాడని నలుగురు కౌంటర్లు వేశారు. జమ రసీదు చూశాక ఇద్దరు వాదన కొనసాగించలేదు. అప్పుదారు వేసిన పిటిషన్‌లో తీర్చలేని స్థితికి ప్రాథమిక ఆధారం చాలు, 24వ సెక్షన్ అంతకన్నా అడగదు.

మా వైపు తప్పు ఒకటి. ఒక అప్పులవాడు హనుమకొండ నుంచి కరీంనగర్ మారిపోయాడు, పాత చిరునామాకే నోటీసు పోయి తిరిగొచ్చింది. మళ్ళీ నోటీసు, మళ్ళీ వాయిదా, నాలుగు నెలలు. నోటు మీది చిరునామా నమ్మకుండా ఫోన్ చేసి అడిగి ఉంటే సరిపోయేది.

పిటిషన్ వేసిన 14 నెలలకు దివాలా ఉత్తర్వు వచ్చింది, వెంటనే 31 కింద రక్షణ. అప్పటికి డిక్రీ తెచ్చుకున్న ఒకాయన అరెస్టు కోరుతూ వేసిన ఈపీ అక్కడితో ఆగింది. నిజానికి ఐపీ లేకపోయినా, ఉండి కూడా కట్టనివాడినే సివిల్ జైలుకు పంపాలని సివిల్ ప్రొసీజర్ కోడ్ 51వ సెక్షన్, 1980లో జాలీ జార్జ్ వర్గీస్ కేసులో సుప్రీంకోర్టు చెప్పాయి. కానీ ఆ సంగతి కోర్టులో నిరూపించుకునేదాకా మనిషికి నిద్ర పట్టదు.

నోట్ల మీద అడిగిన 24లో భార్య కట్టిన 1.5 పోయింది. ఫోన్‌పే చరిత్ర మొత్తం దించి ఒక్కో పేరుకు వడ్డీ చెల్లింపులు వేరు చేస్తే ఇంకో 4.1 తగ్గింది. నగదుగా కట్టినవాటికి రుజువు లేదు, వాటిని వదిలేశాం. రుజువైన అప్పులు నోట్లు 18.4, చిన్న డిస్ట్రిబ్యూటర్ 4.0, టీచరు 3.6, ఫైనాన్స్, యాప్‌లు 4.3, మొత్తం 30.3 లక్షలు. రిసీవర్ ప్లాటు అమ్మితే 6.2 వచ్చింది, ఉద్దరలో ఇంకో 90 వేలు రాబట్టాడు. ఖర్చులు 1.1 పోగా పంచడానికి మిగిలింది 16.1.

ఈ చట్టం ఇప్పటికీ అణాల్లోనే లెక్కపెడుతుంది. ఆస్తి, అప్పులో రూపాయికి ఎనిమిదణాలకు (50 పైసలకు) తగ్గితే, అందుకు తన బాధ్యత లేదని నిరూపించుకుంటే తప్ప పూర్తి డిశ్చార్జి ఇవ్వకూడదు. 30.3కు 16.1 అంటే 53 పైసలు, ఎనిమిదణాలన్నర. ప్లాటు లేకపోతే 9.9, అంటే 33 పైసలు, ఐదణాల మీద కొంచెం. ఉద్దర ఇచ్చి మునిగినవాడు తన తప్పు లేదని నిరూపించడం, అదీ గిఫ్టు మచ్చతో, దాదాపు కుదరదు.

డిశ్చార్జి దగ్గర బావకు కట్టిన 3 లక్షలు మళ్ళీ లేచాయి. ఒక అప్పులవాడు దాన్నే పట్టుకుని వాదించాడు. పిటిషన్లో మనమే రాసిన సంగతి కాబట్టి దాచాడనే మాట నిలవలేదు. అయినా ఫలితం లేకుండా పోలేదు. పిటిషన్ వేసిన 29 నెలలకు డిశ్చార్జి ఇస్తూ, అది ఆరు నెలల తర్వాతే అమల్లోకి వస్తుందని కోర్టు పెట్టింది. ఆ ఆరు నెలలూ బావ చలవే.

మళ్ళీ ఇలాంటి ఫైల్ వస్తే

పంచాయతీ పెట్టనివ్వం. పెట్టాల్సి వస్తే ప్రైవేటు నోట్లవాళ్ళతో మాత్రమే, ఆస్తుల పట్టిక అందరి చేతికీ ఇచ్చాకే. దివాలా ఉత్తర్వు తర్వాత 38వ సెక్షన్ కింద కోర్టులోనే రాజీ ప్రతిపాదన పెట్టే దారి ఉంది. దానికి రుజువైన అప్పుల విలువలో నాలుగింట మూడు వంతులవాళ్ళు, సంఖ్యలో మెజారిటీ ఒప్పుకోవాలి. ఈ కేసులో సంఖ్య దొరికేది, విలువ దొరికేది కాదు. అందుకే అటు పోలేదు.

డిశ్చార్జి రానంతకాలం కొత్తగా సంపాదించినదీ రిసీవర్‌కే చెందుతుంది, చట్టం మినహాయించిన జీతభాగం లాంటివి తప్ప. అందుకని అతను సొంత పేరున, భార్య పేరున కొత్త దుకాణం జోలికి పోకుండా పక్క మండలంలో ఒక దుకాణంలో జీతానికి కుదిరాడు. ఇంకో చిన్న లెక్క ఉంది. దివాలాదారునని చెప్పకుండా 50 రూపాయలు, ఆపైన అప్పు తీసుకోవడం 72వ సెక్షన్ కింద నేరం, ఆరు నెలల దాకా జైలు. కొడుకు కాలేజీ కోసం ఫోను ఈఎంఐలో తీసుకుందామని షాపు దాకా పోయి, ఈ మాట గుర్తొచ్చి ఫోన్ చేసి అడిగాడు. వద్దన్నాం.

డిశ్చార్జి అమల్లోకి వచ్చాక ఉత్తర్వు సర్టిఫైడ్ కాపీలు ఆరు తీయించాం. డిక్రీలున్న కోర్టుల్లో, ఆగిపోయి పెండింగులో ఉన్న ఈపీలో మెమోతో వేయాలి. ఆ కోర్టుకు తనంతట తాను తెలియదు, వారెంట్ మళ్ళీ లేస్తే పోలీసు కానిస్టేబుల్ ముందు ఆ కాగితం చూపించాల్సింది ఇతనే. ఒక కాపీ లామినేషన్ చేయించి పర్సులో పెట్టుకున్నాడు. లామినేట్ చేసిన కాపీని కోర్టు తీసుకోదని చెప్పి ఇంకొకటి ఇచ్చాం.